ఛానళ్లు విడిగా కొనాలా, ప్యాక్ తీసుకోవాలా? కంపెనీకో లెక్క వేయండి

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు టీవీ స్టాండ్ మీద కేబుల్ రసీదు కనిపించింది. ₹400. ఇంట్లో ఉండేది ఇద్దరే. నాన్న న్యూస్ తప్ప ఇంకేం చూడరు. అమ్మకి సాయంత్రం ఆరున్నర నుంచి పది దాకా సీరియల్స్, ఆదివారం ఒక సినిమా.

"ఇద్దరికి నాలుగొందలేంటి నాన్నా?"

"అందరికీ అంతేనట్రా."

ఆ "అంతేనట" అన్న మాట పట్టుకుని లెక్కలోకి దిగాను. మొదటి ప్రయత్నంలో బిల్లు తగ్గకపోగా ఐదొందలు దాటింది. ఎందుకు దాటిందో ముందుముందు చెప్తాను. "విడిగా తీసుకుంటే చవకా, ప్యాక్ తీసుకుంటే చవకా" అని టోకున అడిగితే సమాధానం దొరకదని మాత్రం అప్పుడే తెలిసింది. ఆ ప్రశ్న ఇంటి మొత్తానికి ఒక్కసారి కాదు, ఒక్కో ఛానల్ కంపెనీకి, అంటే స్టార్, జీ, సన్, ఈటీవీ లాంటివాటికి, విడివిడిగా వేసుకోవాలి. ఒకే ఇంట్లో ఒక కంపెనీది ప్యాక్, ఇంకో కంపెనీది ఒక్క ఛానల్, మూడోదాన్లో ఏమీ లేకుండా ఉండొచ్చు. చాలామందికి ఇలా కలిపి తీసుకోవచ్చనే తెలియదు.

బిల్లులో ఉండే మూడు ముక్కలు

కేబుల్ అయినా డిష్ అయినా బిల్లులో ఉండేవి మూడే. నెట్‌వర్క్ ఫీజు, అంటే ఎన్‌సీఎఫ్. పే ఛానళ్ల ధర. ఈ రెండిటి మొత్తం మీద 18 శాతం జీఎస్టీ.

ఎన్‌సీఎఫ్ అంటే వైరు లాగి బొమ్మ మన ఇంటిదాకా తెచ్చినందుకు ఇచ్చే డబ్బు. ఒక్క పే ఛానల్ కూడా తీసుకోకపోయినా ఇది కట్టాల్సిందే. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017 మార్చిలో కొత్త టారిఫ్ ఆర్డర్ ఇచ్చింది. అది కోర్టులకెక్కింది. 2018 అక్టోబర్ 30న సుప్రీంకోర్టు ట్రాయ్ పక్షాన తీర్పిచ్చాక, 2019 ఫిబ్రవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పట్లో 100 ఛానళ్ల వరకు ఎన్‌సీఎఫ్ ₹130 మించకూడదన్నారు, జీఎస్టీతో ₹153.40. 2020 సవరణలో అదే ₹130కి 200 ఛానళ్లు ఇవ్వాలన్నారు. 2024 జులైలో ఆ గరిష్ఠ పరిమితినే ఎత్తేశారు. ఇప్పుడు ఎవరి ఎన్‌సీఎఫ్ వాళ్లే పెట్టుకోవచ్చు, కాకపోతే ఎంతో బయటికి ప్రకటించాలి. మా ఊళ్లో ఇంకా ₹130 దగ్గరే ఉంది. మీ దగ్గర ఎంతో అడగండి. ఎందుకంటే ఛానళ్లు ఎన్ని కత్తిరించినా ఈ ముక్క తగ్గదు.

ఎన్‌సీఎఫ్ కట్టేశాక ఫ్రీ ఛానళ్లకి మళ్లీ డబ్బులివ్వక్కర్లేదు. మన భాషలో న్యూస్ ఛానళ్లు చాలావరకు ఈ కోవలోవే. టీటీడీ వాళ్ల ఎస్వీబీసీ, దూరదర్శన్ యాదగిరి, సప్తగిరి కూడా అంతే. అంటే మా నాన్న పొద్దున్నుంచి రాత్రి దాకా చూసేదానికి అదనంగా అయ్యే ఖర్చు సున్నా. మరి ఆ ₹400లో ఎన్‌సీఎఫ్, పన్ను పోగా మిగిలిందంతా ఎవరి ఖాతాలోకి? "అమ్మ సీరియల్స్ ఖాతాలోకి" అని నాన్న వెంటనే అన్నారు. అది కూడా పూర్తిగా నిజం కాదని తర్వాత తేలింది.

₹19 దగ్గరే ఎందుకు ఆగుతుంది

ఛానల్ గైడ్ తెరిచి ధరలు చూస్తే ఒక అంకె పదేపదే కనిపిస్తుంది, ₹19. సీరియళ్లొచ్చే పెద్ద ఛానళ్లు చాలావరకు ఆ అంకె దగ్గరే నిలబడతాయి. కారణం ఇది. విడిగా అమ్మే ఛానల్‌కి కంపెనీ ఎంత ధరైనా పెట్టుకోవచ్చు. కానీ దాన్ని ప్యాక్‌లో చేర్చాలంటే విడి ధర ₹19 మించకూడదు. 2020లో ట్రాయ్ దీన్ని ₹12కి తగ్గించింది. కంపెనీలు కోర్టుకెళ్లాయి. చివరికి 2022 నవంబర్ సవరణలో మళ్లీ ₹19కే తెచ్చారు, అది 2023 ఫిబ్రవరి నుంచి అమలైంది. ఆ నెలలోనే కొత్త ధరల మీద గొడవొచ్చి, పెద్ద ఛానల్ కంపెనీలు చాలా కేబుల్ నెట్‌వర్కులకి కొన్ని రోజులపాటు ప్రసారాలు ఆపేశాయి. మీ ఇంట్లో ఉన్నట్టుండి సీరియళ్లు మాయమైన ఆ వారం గుర్తుండే ఉంటుంది.

తమకి ఆయువుపట్టులాంటి ఛానల్‌ని ప్యాక్ బయట ఉంచడం ఏ కంపెనీకీ ఇష్టం ఉండదు. దాన్ని చూపించే మిగతావి అంటగట్టాలి మరి. అందుకే పరిమితి ఎంతుంటే ధర సరిగ్గా అక్కడికొచ్చి ఆగుతుంది. జీఎస్టీ కలిపితే ₹19 కాస్తా ₹22.42 అవుతుంది.

రెండో నిబంధన మనకి ఇంకా పనికొస్తుంది. ప్యాక్‌లోని ఛానళ్ల విడి ధరలన్నీ కూడితే వచ్చే మొత్తం మీద కంపెనీ ఇవ్వగల తగ్గింపు 45 శాతం మించకూడదు. అంటే విడివిడిగా ₹100 అయ్యే ఛానళ్ల ప్యాక్ ₹55 కంటే కిందికి రాదు. ఈ పరిమితి లేని రోజుల్లో 70 శాతం దాకా తగ్గించి ప్యాకులిచ్చేవాళ్లు, విడిగా కొనేవాడే పిచ్చివాడన్నట్టు ఉండేది. ఇప్పుడు పోటీ కాస్త సమానమైంది, విడిగా కొనడం కూడా లెక్కలో నిలబడుతోంది.

ఒక కంపెనీ, ఒక కాగితం

లెక్క కోసం ఒక కంపెనీని ఊహించుకుందాం. సీరియళ్ల ఛానల్ ₹19. స్పోర్ట్స్ ₹19. సినిమాలు ₹15. పిల్లలది ₹4. పాత కార్యక్రమాలు మళ్లీ వేసేది ₹2. పాటలది ₹1. మొత్తం ₹60. దాని మీద గరిష్ఠంగా 45 శాతం తగ్గిస్తే ప్యాక్ ₹33.

మీకు సీరియళ్ల ఛానల్ ఒక్కటే కావాలంటే ₹19. ప్యాక్ కంటే ₹14 తక్కువ. సీరియళ్లు, పిల్లల ఛానల్ అయితే ₹23, ఇంకా విడిగానే లాభం. సీరియళ్లు, సినిమాలు కావాలన్నారంటే ₹34. అక్కడ తూకం తిరగబడుతుంది. ₹1 తక్కువకే ప్యాక్ మొత్తం వస్తుంటే విడిగా కొనడంలో అర్థం లేదు.

ఇంతే సూత్రం. ఆ కంపెనీలో నిజంగా చూసేవాటి విడి ధరలు కూడండి, ప్యాక్ ధర పక్కన పెట్టండి, తక్కువున్నది తీసుకోండి. అనుభవం మీద చెప్తున్నా, ఒక కంపెనీలో పెద్ద ధర ఛానల్ ఒక్కటే చూస్తుంటే విడిగా, రెండు చూస్తుంటే దాదాపు ఎప్పుడూ ప్యాకే. చిన్న ధరలవి ఎన్ని చూసినా లెక్క పెద్దగా మారదు.

లెక్కకి ముందు ఒకటి చూసుకోండి. చాలా కంపెనీలకి ఒకే భాషలో రెండు మూడు ప్యాకులుంటాయి. స్పోర్ట్స్ ఉన్నది, లేనిది, హెచ్‌డీది. పోల్చేటప్పుడు వాటిలో చిన్నదానితో పోల్చండి. కేబుల్ అబ్బాయి నోట వచ్చేది మాత్రం ఎప్పుడూ పెద్ద ప్యాక్ పేరే.

ఇంత తగ్గించి ప్యాక్ ఇస్తే కంపెనీకి మిగిలేదేంటి అనిపిస్తుంది. మా అమ్మనీ పక్కింటి కుర్రాడినీ తీసుకోండి. అమ్మ సీరియల్ ఛానల్‌కి ₹30 అయినా ఇస్తుంది, స్పోర్ట్స్‌కి ₹5 మించి ఇవ్వదు. కుర్రాడిది సరిగ్గా తిరగేసిన లెక్క. రెండు ఛానళ్లూ విడిగా ₹19 చొప్పున అమ్మితే ఒక్కొక్కరు ఒక్కోటే కొంటారు, కంపెనీకి ₹38 వస్తుంది. రెండూ కలిపి ₹33 అంటే ఇద్దరి దృష్టిలోనూ ఆ జంట విలువ ₹35 కాబట్టి ఇద్దరూ కొంటారు, కంపెనీకి ₹66 వస్తుంది. రెండో ఛానల్ వాళ్ల ఇంటికి పంపడానికి కంపెనీకి కొత్తగా అయ్యే ఖర్చు లేదు. అమ్మ మాత్రం ₹19 బదులు ₹33 కట్టింది. ఒక్కో ఛానల్ చవకైంది, చేతిలోంచి పోయింది మాత్రం ఎక్కువ. ప్యాక్ మోసం కాదు. కానీ "ఛానల్‌కి ఎంత పడుతోంది" అని చూసేవాడికి అది ఎప్పుడూ చవకగానే కనిపిస్తుంది, అక్కడే పప్పులో కాలేస్తాం.

2019లో రేటింగ్ సంస్థ క్రిసిల్ వేసిన అంచనా కూడా ఇలాంటిదే చెప్పింది. ఎక్కువమంది చూసే ఛానళ్లలో పది ఎంచుకున్న ఇంటికి నెల బిల్లు ₹230–240 నుంచి దాదాపు ₹300కి పెరుగుతుందని, ఐదింటితో సరిపెట్టుకున్న ఇంటికి తగ్గుతుందని. ట్రాయ్ ఆ లెక్కని ఒప్పుకోలేదనుకోండి. ఎవరి వాదన ఎలా ఉన్నా, ఐదుకీ పదికీ మధ్య ఎక్కడో తూకం తిరుగుతుందన్నది మాత్రం మా ఇంట్లో నా కళ్లారా చూశాను.

నేను చేసిన తప్పు

ఆ పండగ రాత్రి భోజనాలయ్యాక పాత డైరీ, పెన్ను, రిమోట్ పట్టుకుని అమ్మ పక్కన కూర్చున్నాను. ఛానల్ మారుస్తూ పోవడం, ధర రాయడం, "చూస్తావా?" అని అడగడం. ఛానల్ గైడ్‌లో ప్రతి పే ఛానల్ పక్కన దాని నెల ధర చూపించాలన్నది నిబంధన, మా డబ్బాలో చూపించింది కూడా.

"ఇది ఉండనీరా, అప్పుడప్పుడు మంచి పాటలొస్తాయి."

"చివరిసారి ఎప్పుడు చూశావమ్మా?"

"మీ అత్తయ్య వచ్చినప్పుడు."

అత్తయ్య వచ్చింది దసరాకి.

ముప్పావు గంటలో అమ్మ జాబితా తేలింది. నాలుగు కంపెనీల నుంచి నాలుగు సీరియళ్ల ఛానళ్లు, మూడు ₹19వి, ఒకటి ₹17ది, మొత్తం ₹74. ఒక సినిమా ఛానల్ ₹15. అంతా కలిపి ₹89. దానికి ఎన్‌సీఎఫ్ ₹130 కలిపి జీఎస్టీ వేస్తే ₹258. అప్పటిదాకా వస్తున్నది ఆపరేటర్ సొంతంగా కట్టిన ₹209 ప్యాక్. అందులో ఇంగ్లిష్ సినిమాలు, హిందీ సీరియళ్లు, మా ఇంట్లో ఎవరూ పేరైనా వినని స్పోర్ట్స్ ఛానళ్లు అరడజను. నెలకి ₹142 మిగిల్చానని పొంగిపోయి, కేబుల్ అబ్బాయితో ఆ ప్యాక్ తీయించి హైదరాబాద్ బస్సెక్కాను.

మూడో ఆదివారం అమ్మ ఫోన్. సాయంత్రం ఆరింటికి కొత్త సినిమా మొదటిసారి టీవీలో వేస్తున్నారు. వారం నుంచి ప్రకటనలు చూస్తోంది. అది వచ్చేది మేం తీసేసిన ఇంకో సినిమా ఛానల్లో. తెర మీద "ఈ ఛానల్ మీ ప్యాక్‌లో లేదు" అన్న మాట తప్ప బొమ్మ లేదు. నేను ఫోన్ తీసేలోపే నాన్న కేబుల్ అబ్బాయిని పిలిచారు. ఆ అబ్బాయి అక్కడికక్కడే ఫోన్లో పాత ప్యాక్ మళ్లీ వేసేశాడు. విడి ఛానళ్లు తీయలేదు. మరుసటి నెల రసీదు: ఎన్‌సీఎఫ్ 130, విడివి 89, ప్యాక్ 209, జీఎస్టీ. మొత్తం ₹505. ఐదు ఛానళ్లకి రెండేసి సార్లు కట్టాం. "నువ్వు తగ్గించింది ఇదేనట్రా?" అని నాన్న ఒక్క మాట అని ఊరుకున్నారు.

ప్యాక్‌లో ఉన్న ఛానల్‌ని విడిగా కూడా పెట్టి రెండుసార్లు వసూలు చేయడం మీరనుకునేదానికంటే ఎక్కువ జరుగుతుంది. హెచ్‌డీ విషయంలో ఇంకా ఎక్కువ. ఒక ఛానల్ మామూలు బొమ్మనీ హెచ్‌డీనీ ఒకే ప్యాక్‌లో పెట్టకూడదు. కానీ మీరు రెండు ప్యాకులు తీసుకుంటే ఒకదాంట్లో ఒకటి, రెండోదాంట్లో మరొకటి వచ్చి కూర్చోవచ్చు. చూసేది ఎలాగూ ఒక్కటే.

తర్వాత కంపెనీవారీగా కూర్చున్నాను. మొదటిదాంట్లో అమ్మకి సీరియల్స్, సినిమాలు రెండూ కావాలి, ₹33 ప్యాక్. రెండోదాంట్లోనూ అంతే, ₹28 ప్యాక్. ఆదివారం గొడవపెట్టిన ఛానల్ ఇందులోనే ఉంది. మూడో, నాలుగో కంపెనీల్లో ఒక్కో ఛానలే, ₹19, ₹17. మొత్తం ₹97. ఎన్‌సీఎఫ్, జీఎస్టీతో ₹268. అన్నీ విడిగా తీసుకున్నప్పటికంటే పది రూపాయలు కూడా ఎక్కువ కాలేదు. పాత ₹400తో పోలిస్తే నెలకి ₹132, ఏడాదికి ₹1,584 మిగులు.

ఇందులో నేను గమనించింది, డబ్బు పోతున్నది కంపెనీలు కట్టిన తెలుగు ప్యాకుల దగ్గర కాదు. ఆపరేటర్ అన్ని భాషలూ కలిపి కట్టిన పెద్ద మూటలో. "ఫ్యామిలీ", "గోల్డ్" లాంటి పేర్లు పెట్టినవన్నీ దాదాపు ఇవే. వాటి మీద ఆపరేటర్ ఇవ్వగల తగ్గింపుని కూడా 2024లో 15 శాతం నుంచి 45 శాతానికి పెంచారు కాబట్టి ఇప్పుడు కొన్ని నిజంగానే చవక. అలాంటిది ఎదురైతే ఒక్క ప్రశ్న వేసుకోండి. ఇందులో తెలుగు కాని ఛానళ్లని తీసేస్తే నేను కట్టేది ఎంత తగ్గేది? మా ఇంట్లో దానికి సమాధానం సగం పైనే.

ఎవరికి ఏది

హిందీ, ఇంగ్లిష్, పిల్లల ఛానళ్లు, క్రికెట్ అన్నీ తిప్పే ఐదారుగురున్న ఇల్లయితే ఆలోచించకండి, పెద్ద ప్యాక్ తీసుకోండి. అక్కడ విడిగా కొనబోతే నెలాఖరుకి చేతులు కాలతాయి. పైగా "నా ఛానల్ ఎందుకు తీశారు" అన్న పంచాయతీ రోజూ ఉంటుంది, దానికి ₹50 ఎక్కువిచ్చినా నష్టం లేదు.

పెద్దవాళ్లిద్దరే ఉండే ఇల్లయితే పైన మా ఇంట్లో చేసినట్టు కలిపి తీసుకోవడమే మంచిది. టీవీ కేవలం న్యూస్ కోసం, దేవుడి కార్యక్రమాల కోసం పెట్టుకున్న ఇంట్లో అయితే పే ఛానళ్లే అక్కర్లేదు. ఎన్‌సీఎఫ్ కట్టి ఊరుకోవచ్చు. ఆ మాట చెప్తే కేబుల్ అబ్బాయి వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

అద్దె గదుల్లో కుర్రాళ్లది వేరే దారి. సీరియళ్లూ సినిమాలూ ఇప్పుడు ఆయా కంపెనీల ఓటీటీ యాపుల్లో కూడా వస్తున్నాయి. జియోహాట్‌స్టార్, జీ5, సన్ నెక్స్ట్, ఈటీవీ విన్. ఒక కంపెనీ యాప్‌కి ఏడాది చందా కట్టి, మళ్లీ అదే కంపెనీ ప్యాక్‌కి కేబుల్లో కట్టడం దండగ. అయితే అమ్మానాన్నల దగ్గర ఈ సలహా పనిచేయదు. మా అమ్మకి ఏడున్నరకి ఆ నంబర్ నొక్కితే ఆ సీరియల్ రావాలి. యాప్ తెరిచి వెతుక్కోవడం ఆవిడకి టీవీ చూడటం కాదు, చాకిరీ.

క్రికెట్ కోసమే ప్యాక్ కట్టేవాళ్లకి ఒక లెక్క. పైన ఊహించుకున్న కంపెనీనే తీసుకోండి. సీరియళ్ల ఛానల్ ఏడాదంతా కావాలి, స్పోర్ట్స్ మాత్రం ఐపీఎల్ ఉన్న రెండు నెలలే. ₹33 ప్యాక్ ఏడాదంతా ఉంచితే ₹396. పది నెలలు ఒక్క సీరియళ్ల ఛానల్ ₹19 చొప్పున ఉంచి, ఆ రెండు నెలలు ప్యాక్‌కి మారితే ₹256. ఆ రెండు నెలలు సీరియళ్ల ఛానల్ పక్కన స్పోర్ట్స్‌ని విడిగా చేరిస్తే ₹266, అంటే పది రూపాయలు ఎక్కువే. ఒకే ఏడాదిలో ఒకే ఇంటికి విడిగా కొనడం కొన్నాళ్లు, ప్యాక్ కొన్నాళ్లు సరైనదన్నమాట. ఫైనల్ అయిన మర్నాడు మళ్లీ వెనక్కి మారడం గుర్తుండాలంతే. మనలో చాలామందికి గుర్తుండదు, వ్యాపారమంతా ఆ మతిమరుపు మీదే నడుస్తుంది. ఫోన్లో అలారం పెట్టుకోండి. ఒకసారి చేర్చిన ఛానల్‌ని నెల తిరక్కుండా తీయని చోట్లు కూడా ఉన్నాయి, అది ముందే అడగండి.

రెండో టీవీ ఉంటే ఇంకో మెలిక. 2020 సవరణ ప్రకారం రెండో టీవీకి ఎన్‌సీఎఫ్‌లో 40 శాతం మించి తీసుకోకూడదన్నారు. 2024లో ఎన్‌సీఎఫ్ పరిమితే పోయింది కాబట్టి ఇప్పుడు ఎంత తీసుకుంటున్నారో ఆపరేటర్‌ని బట్టి ఉంటుంది. హాల్లో టీవీకి ఉన్న ఛానళ్లే పడకగది టీవీకీ ఉండాలన్న రూలేం లేదు. దేనికి కావాల్సినవి దానికి వేయించుకోవచ్చు.

హెచ్‌డీ గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. 32 అంగుళాల టీవీని పన్నెండు అడుగుల దూరం నుంచి చూసేవాళ్లకి సీరియళ్ల ఛానల్ హెచ్‌డీ అవసరం లేదు. క్రికెట్‌కి, అదీ పెద్ద టీవీ ఉంటే, తీసుకోండి.

కేబుల్, డిష్, మిగతావి

డిష్‌లో, అంటే డీటీహెచ్‌లో, ఈ మార్పులన్నీ యాప్‌లోనే మనమే చేసుకోవచ్చు. టాటా ప్లే, ఎయిర్‌టెల్, సన్ డైరెక్ట్, డిష్ టీవీ, ఏదైనా అంతే. ఛానల్ చేర్చినా తీసినా బిల్లు ఎంత మారుతుందో నొక్కేముందే చూపిస్తుంది. నెలనెలా ఛానళ్లు మార్చుకునే అలవాటున్నవాళ్లకి ఇదే హాయి. కేబుల్లో ప్రతిదానికీ మనిషిని పట్టుకోవాలి. కానీ వానొచ్చి బొమ్మ పోతే గంటలో నిచ్చెనేసుకుని వచ్చేది ఆ మనిషే, లోకల్ ఛానల్లో ఊరి జాతర వేసేదీ ఆయనే. మా నాన్న డిష్‌కి మారనన్నది అందుకే. ఆ కారణం లెక్కల్లోకి రాదు, కొట్టిపారేయడమూ కుదరదు.

నెల ఖర్చే లేకుండా కావాలంటే ప్రసార భారతి వాళ్ల డీడీ ఫ్రీ డిష్ ఉంది. ఒక్కసారి డబ్బా, గొడుగు కొనుక్కుంటే సరి. కాకపోతే మన ఇళ్లల్లో సాయంత్రాలు నడిపించే పెద్ద తెలుగు పే ఛానళ్ల కోసం అది పెట్టించుకుంటే నిరాశే. ఆంధ్రాలో ఏపీ ఫైబర్‌నెట్ వచ్చిన కొత్తలో ₹149కే ఇంటర్నెట్, టీవీ, ఫోన్ మూడూ ఇచ్చింది, తర్వాత ధరలు పెరిగాయి. ఇలాంటి మూడు కలిపిన కనెక్షన్లలో టీవీ వంతు ఎంతో విడదీసి చెప్పించుకోండి. ఇంటర్నెట్ కోసం కట్టేదాన్లో ఛానళ్లు దాదాపు ఊరికే వస్తుంటే ఈ పోలికే అక్కర్లేదు.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకి ఈ అదృష్టం తక్కువ. అక్కడ యప్ టీవీ, స్లింగ్ లాంటివి తెలుగు మొత్తాన్ని ఒక మూటగా అమ్ముతాయి. అమెరికాలో ఛానళ్లు విడిగా అమ్మాలా వద్దా అని 2004లో అక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నివేదిక ఒకటి "అలా చేస్తే బిల్లు పెరుగుతుంది" అంటే, 2006లో అదే సంస్థ ఇంకో నివేదికలో మాట మార్చింది. చివరికి ఏ నిబంధనా రాలేదు. కెనడా మాత్రం 2016లో 25 డాలర్లు మించని చిన్న ప్యాక్, దానిపైన విడిగా ఎంచుకునే వీలు తప్పనిసరి చేసింది.

ఆపరేటర్‌తో మాట్లాడేటప్పుడు

"ఏ ప్యాకులున్నాయి?" అని అడగొద్దు. అలా అడిగితే ఆయన పెద్దది చెప్తాడు. మీ జాబితా రాసుకుని వాట్సాప్‌లో పంపండి. ఏ కంపెనీది ఏ ప్యాక్, ఏవి విడిగా, ఇప్పుడున్నది పూర్తిగా తీసేయాలి అని. "పూర్తిగా తీసేయాలి" అన్నది విడి వాక్యంగా రాయండి, నా ₹505 గుర్తుంచుకుని. "విడిగా ఇవ్వం, ప్యాకే తీసుకోవాలి" అంటే అది తప్పు. పే ఛానళ్లు విడిగా ఇవ్వడం ఆపరేటర్ బాధ్యత. టీవీలో 999 నంబర్ నొక్కితే వినియోగదారుల సమాచారం వచ్చే ఛానల్ ఉంటుంది, కస్టమర్ కేర్ నంబర్ అక్కడ దొరుకుతుంది. లోకల్ అబ్బాయి వినకపోతే పై కంపెనీకి చెప్పండి. గొడవ పడక్కర్లేదు, ఫిర్యాదు నంబర్ తీసుకుంటే చాలు, చాలాసార్లు సాయంత్రానికల్లా పని అయిపోతుంది.

రెండు నెలలు పిల్లల దగ్గరికి వెళ్తుంటే కనెక్షన్ తాత్కాలికంగా ఆపమని ముందే అడగొచ్చు. ఆపిన కాలానికి బిల్లు వేయకూడదు.

మార్పు చేయించిన మర్నాడు మీరే ఒకసారి ఛానళ్లు తిప్పి చూసుకోండి. తీయమన్నవి ఇంకా వస్తుంటే సంతోషించకండి, బిల్లులో కూడా ఉంటాయి. మొన్న ఊరెళ్లినప్పుడు నేనూ అలాగే తిప్పి చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, అత్తయ్య వచ్చినప్పుడు చూసిన పాటల ఛానల్ మాత్రం వస్తోంది. విడిగా, నెలకి ₹1. అమ్మ కేబుల్ అబ్బాయికి ఫోన్ చేసి వేయించుకుందట.